చెవికి తెలిసిన పగులు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ మీదుగా సాగే బొగ్గు రేకుకు, అంటే ఒక పూర్తి గూడ్సు బండికి, మామూలుగా 58 వ్యాగన్లు ఉంటాయి. వ్యాగనుకు నాలుగు ఇరుసులు, ఇరుసుకు రెండు చక్రాలు, మొత్తం 464 చక్రాలు. నిండా నింపితే ఒక్కో ఇరుసు మీద పడే బరువు 22.9 టన్నులు. వీటిలో ఒక్క చక్రం పగిలినా, ఒక్క ఇరుసు విరిగినా వెనకాల వ్యాగన్లు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. ఆ ఒక్కటీ ఏదో ముందే పసిగట్టడానికి ప్రపంచంలోని రైల్వేలన్నీ తరాల తరబడి నమ్ముకున్న సాధనం పొడుగు పిడి సుత్తి.

బండి ఆగగానే క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగం మనిషి దాని పక్కనే నడుస్తూ చక్రానికో దెబ్బ కొట్టేవాడు. అప్పటి చక్రాలకు ఉక్కు టైరును విడిగా చేసి, కాల్చి తొడిగేవారు. చల్లారాక అది బిగుసుకునేది. బాగున్న చక్రం ఖంగుమనేది, ఆ మోత కాసేపు గాలిలో నిలిచేది. టైరు వదులైనా, ఎక్కడో బీట వారినా చక్రం మొద్దుగా పలికి అక్కడితో ఊరుకునేది. సంతలో కుండ కొనేవాళ్ళు వేలి కణుపుతో కొట్టి చూసే పద్ధతే ఇది. కొత్తగా చేరిన కుర్రాడికి దీన్ని నేర్పే పుస్తకం లేదు. పెద్దవాడి వెనకాల నడవాలి, వినాలి, మళ్ళీ వినాలి. కొన్నాళ్ళకు ఆ తేడా చెవిలో కూర్చుంటుంది.

చక్రం బాగోలేదని చెప్పగలిగిన ఆ మనిషి, ఎంత బాగోలేదో చెప్పలేడు. పగులు ఎంత పొడవుందో, ఇంకెన్ని మైళ్ళు ఓర్చుకుంటుందో అతని దగ్గర అంకె లేదు. మరి అతనికి ఉన్నది జ్ఞానమేనా?

కాదనే దాకా వెళ్ళిన మాట ఒకటి ప్రపంచమంతా తిరిగింది. 1883 మే 3న లండన్‌లోని సివిల్ ఇంజినీర్ల సంస్థలో, విద్యుత్తును కొలిచే ప్రమాణాల మీద మాట్లాడుతూ విలియం థామ్సన్ చెప్పిన మాట అది. తర్వాత లార్డ్ కెల్విన్ అని పేరొచ్చింది ఈయనకే. మాట్లాడే విషయాన్ని కొలిచి అంకెల్లో చెప్పగలిగితేనే దాని గురించి నీకు కాస్త తెలిసినట్టు, చెప్పలేకపోతే నీకు తెలిసింది అరకొరే అన్నది దాని సారం. అది జ్ఞానానికి ఆరంభం అయితే కావచ్చు గానీ శాస్త్రం స్థాయికి మాత్రం చేరలేదని కూడా ఆయన కలిపాడు. మొదటి సగాన్ని ఆఫీసు గోడల మీదా పాఠ్యపుస్తకాల్లోనూ రాసుకున్నవాళ్ళు ఈ రెండో సగాన్ని వదిలేశారు. రైల్వే ఇరుసు కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ ఆరంభమే.

ఈ కథను తిఫ్రా నుంచి చెప్పడానికి కారణం ఉంది. 2019లో బిలాస్‌పూర్ కార్పొరేషన్‌లో కలిసిన తిఫ్రా బతుకంతా రోడ్డుకూ రైలుకూ నడుమనే. రాయ్‌పూర్ రోడ్డు మీద ఓవర్‌బ్రిడ్జి దాటే ప్రతివాడి కిందుగా పట్టాలు పోతుంటాయి. ఈ రైలు పట్టణంలో తెలుగు వినబడటానికీ మూలం పట్టాలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇటు బిలాస్‌పూర్‌నూ అటు వాల్తేరునూ ఒకే సంస్థ కిందికి తెచ్చింది. విజయనగరం, రాయ్‌పూర్ లైను 1931లో పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి గ్యాంగుల్లోకి, షెడ్లలోకి, యార్డుల్లోకి పనికొచ్చినవాళ్ళు ఖరగ్‌పూర్ దాకా, ఇక్కడి దాకా పరుచుకున్నారు. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వేరుపడే వరకూ వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు ఒకే జోన్‌లో ఉండేవి. పెద్ద చదువు లేకుండా, కంటితో, చెవితో, చేత్తో ఇనుమును తెలుసుకుని ఇల్లు నడుపుకున్న కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో. వాళ్ళకు తెలిసిందాన్ని తెలివి కాదంటే నేను ఒప్పుకోలేను. అలాగని అంకెను తక్కువ చేసి మాట్లాడటమూ అన్యాయమే అవుతుంది. ఎందుకో ఇరుసు చరిత్రే చెబుతుంది.

1842 మే 8, ఆదివారం. ఫ్రాన్సు రాజు గౌరవార్థం వెర్సాయ్‌లో జరిగిన వేడుక చూసి జనం పారిస్‌కు తిరిగొస్తున్నారు. మ్యూడాన్ దగ్గర ముందు ఇంజను ఇరుసు పుటుక్కున విరిగింది. వెనక పెట్టెలు దాని మీదికి ఎక్కాయి, ఇంజను నిప్పులు అంటుకున్నాయి. ఆనాటి అలవాటు ప్రకారం పెట్టెల తలుపులకు బయట తాళాలు వేసి ఉన్నాయి. 50 మందికి పైగా కాలిపోయారు. ప్రపంచం చుట్టి వచ్చిన నావికుడు ద్యూమాన్ ద్యుర్విల్ భార్యాబిడ్డతో సహా అందులోనే పోయాడు.

విరిగిన ఇరుసును చూసిన ఇంజినీర్లకు తల తిరిగింది. లెక్క ప్రకారం ఆ ఇనుము అంతకు ఎన్నో రెట్ల బరువు మోయాలి. కొత్తగా బిగించినప్పుడు మోసింది కూడా. విరిగినచోట లోహం పలుకులు పలుకులుగా మెరుస్తోంది కాబట్టి, కుదుపులకు నార లాంటి ఇనుము స్ఫటికంగా మారిపోయి పెళుసెక్కిందని చాలామంది నమ్మారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ తప్పు.

ఆ తప్పు బయటపెట్టినవాడు 22 ఏళ్ళ స్కాట్లండ్ కుర్రాడు విలియం జాన్ మాక్వార్న్ ర్యాంకిన్. విరిగిన ఇరుసులు తెప్పించుకుని ముక్కల ముఖాలను శ్రద్ధగా చూశాడు. లావు భాగం ఉన్నట్టుండి సన్నబడే మెడ దగ్గర, చుట్టూ గాజులాగా నున్నటి వలయం కనబడింది. గరుకుగా తెగింది నడిమి భాగం మాత్రమే. అంటే ఇరుసు ఒక్క క్షణంలో విరగలేదు. మెడ చుట్టూ పుట్టిన సన్నటి పగులు రోజురోజుకూ లోపలికి పాకింది. దాని రెండు ముఖాలూ ఒకదానికొకటి రాసుకుని నున్నబడ్డాయి. మిగిలిన కాస్త లోహం ఇక మోయలేని రోజున పుటుక్కుమంది. 1843లో ఇదంతా సివిల్ ఇంజినీర్ల సంస్థకు సమర్పించాడు. నలభై ఏళ్ళ తర్వాత కెల్విన్ అంకెల మాట చెప్పింది ఆ సంస్థలోనే. పగులు సగటున అర అంగుళం లోతు పోయిందని ర్యాంకిన్ ఒక కొలత రాశాడు, నిజమే. కానీ ఆ పత్రానికి బలం ఆ అర అంగుళంలో లేదు, నున్నదనానికీ గరుకుదనానికీ ఉన్న తేడా చూసిన కంటిలో ఉంది. మెడను నిటారుగా కోసేయకుండా వంపు తిప్పమన్న సలహా కూడా అందులోంచే వచ్చింది. ఈనాటి వ్యాగన్ ఇరుసు మీద చెయ్యి పెట్టి మెడ వైపు జరిపితే ఆ వంపు వేళ్ళకు తగులుతుంది.

అయితే ర్యాంకిన్ చూపు చెప్పలేనిది ఒకటి మిగిలింది. ఇరుసు ఎన్నాళ్ళు బతుకుతుంది? దానికి సమాధానం కన్ను ఇవ్వదు, చెవి ఇవ్వదు. ఆ పని తలకెత్తుకున్నది ఆగస్ట్ వోలర్. ఓడర్ నది ఒడ్డున ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రష్యా రైల్వే వర్క్‌షాపు బాధ్యత ఆయనది. ముందు నడిచే బండి ఇరుసు ఎంత వంగుతోందో కొలిచాడు. పెట్టె కింద జింకు పలక బిగించి, ఇరుసు వంగినప్పుడల్లా ములుకు దాని మీద గీత గీసేలా ఏర్పాటు చేశాడు. తర్వాత ఆ వంపునే రాత్రింబవళ్ళు ఇరుసుల మీద పెట్టి తిప్పే యంత్రాలు కట్టాడు. 1850ల చివర మొదలైన ఈ పని 1870 దాకా సాగింది.

వోలర్ ఏం ఎదుర్కొన్నాడో మన లైను మీదే లెక్క వేసి చూడవచ్చు. మీటరు వ్యాసం ఉన్న చక్రం కిలోమీటరుకు సుమారు 318 చుట్లు తిరుగుతుంది. బిలాస్‌పూర్ నుంచి నాగ్‌పూర్ చేరేసరికి 1 లక్షా 30 వేల చుట్లు. ఒక్కో చుట్టులో ఇరుసు పైభాగం ఒకసారి సాగుతుంది, కిందికి రాగానే నొక్కుకుంటుంది. అలాంటివి ఒక కోటి పూర్తవడానికి 31 వేల కిలోమీటర్లు చాలు. ఒక్కసారి మోయగల బరువు వేరు, కోటిసార్లు అటూ ఇటూ వంగుతూ మోయగల బరువు వేరు అని వోలర్ పట్టికలు తేల్చాయి. గరిష్ఠ బరువు కంటే ఆ సాగడానికీ నొక్కుకోవడానికీ నడుమ ఊగిసలాట ముఖ్యమనీ, అది ఒక హద్దు దిగువన ఉంటే ఇనుము ఎంతకాలమైనా తట్టుకుంటుందనీ చూపాయి. ఏ సుత్తి మనిషికీ ఇది తెలిసే వీల్లేదు. కోటి చుట్లను ఎవరూ వినలేరు. పైగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో తేలిన ఈ సంగతి వోలర్‌ను ఎన్నడూ చూడని మనిషికి, బిలాస్‌పూర్‌లో, వందేళ్ళ తర్వాత కూడా అదే రూపంలో అందుతుంది. చెవిలో ఉన్నది మాత్రం రిటైర్మెంటు రోజున మనిషితోపాటు ఇంటికి వెళ్ళిపోతుంది. అంకెకు నేను చేసే మొదటి నమస్కారం ఇందుకే.

ఇక కెల్విన్ దగ్గరికే వద్దాం. ఆయన అంకె ఆయన్నే ఎక్కడ మోసం చేసిందో చెప్పడానికి ఇక్కడి బొగ్గు పెళ్ళే సాక్ష్యం. మరిగే ముద్దగా పుట్టిన భూమి ఇప్పటి వేడికి చల్లారడానికి ఎంతకాలం పడుతుందో 1862లో లెక్క కట్టి, భూమి వయసు పది కోట్ల ఏళ్ళ ప్రాంతంలో ఉంటుందన్నాడు. 1897 నాటికి దాన్ని రెండు నుంచి నాలుగు కోట్లకు కుదించాడు. గణితంలో వంక లేదు. కోర్బా గనుల్లోంచి మనం తవ్వి రేకులకెత్తే గోండ్వానా బొగ్గు వయసు పాతిక కోట్ల ఏళ్ళు దాటింది. కెల్విన్ లెక్క ప్రకారం అది భూమి కంటే ముందే పుట్టి ఉండాలి!

అదే కాలంలో ఈ నేల మీద తిరిగిన భూగర్భ శాస్త్రజ్ఞుల చేతిలో అలాంటి సూత్రమేదీ లేదు. రైళ్ళకూ స్టీమర్లకూ బొగ్గు వెతికే అవసరంతో 1851లో మొదలైన భారత భూగర్భ సర్వే మనుషులు 1856లో ఒరిస్సాలోని తాల్చేర్ దగ్గర గుండ్రాళ్ళ పొర చూశారు. బురదలో కూరుకున్న పెద్ద పెద్ద రాళ్ళు, వాటి మీద గీరుకుపోయిన చారలు. ఎండకు మాడిపోయే ఆ చోట నిలబడి, వీటిని ఇక్కడికి మోసుకొచ్చింది మంచు అన్నారు. ఏళ్ళ లెక్క చెప్పలేదు. పొర మీద పొర, ఆకు ముద్ర మీద ఆకు ముద్ర చదివి, దీనికి చాలా చాలా కాలం పట్టిందని మాత్రం అన్నారు. వాళ్ళు చెప్పిన మంచు నిజం, ఆ సుదీర్ఘ కాలమూ నిజం. కెల్విన్ దగ్గర ఒకప్పుడు సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ 1895లో లోపం ఎక్కడుందో పట్టుకున్నాడు. భూమి లోపలి పదార్థం కదిలి వేడిని పైకి తెస్తూ ఉంటే లెక్క మొత్తం మారిపోతుందన్నాడు. రేడియోధార్మికతతో రాళ్ళ వయసు కొలిచే దారి తర్వాత దొరికింది, ఇప్పుడు భూమికి 454 కోట్ల ఏళ్ళు అంటున్నాం. చూడండి, చివరి మాట మళ్ళీ అంకెదే అయింది. కానీ కెల్విన్ అంకెను అనుమానించడానికి ధైర్యమిచ్చింది రాళ్ళు చదివినవాళ్ళ అంకె లేని తెలివి.

పట్టాల సంగతికొస్తే, అక్కడ సుత్తి చేతులెత్తేసింది. 1911 ఆగస్టు 25న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం మాంచెస్టర్ దగ్గర పట్టా విరిగి పెట్టెలు వంతెన మీంచి పడ్డాయి, 29 మంది పోయారు. ఆ పట్టా ముక్కలను పరిశీలించిన జేమ్స్ హోవర్డ్‌కు పట్టా తల భాగం లోపల, పైకి ఏ గుర్తూ లేకుండా, పట్టాకు అడ్డంగా నిటారుగా పెరిగిన పగులు కనిపించింది. కొడితే పలకదు, చూస్తే కనబడదు. దీని కోసం ఎల్మర్ స్పెర్రీ పట్టాలోకి విద్యుత్తు పంపి, దాని అయస్కాంత ప్రభావంలో వచ్చే తేడాతో పగుళ్ళు పట్టే బండి తయారుచేశాడు. అది 1928లో పట్టాలెక్కింది. అదే ఏడు రష్యాలో సెర్గీ సొకొలోవ్ మనిషి చెవికి అందని శబ్దాన్ని లోహంలోకి పంపవచ్చన్నాడు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టన్ ఆ శబ్దం కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టే పరికరానికి 1940లో పేటెంటు కోరాడు, 1942లో వచ్చింది. సుత్తి మనిషి చేసిన పనే ఇది, కాకపోతే మన వినికిడికి వందరెట్లు పైనుండే శబ్దంతో.

మన రైల్వేల్లోకి ఈ అల్ట్రాసోనిక్ పరీక్ష 1960ల్లో వచ్చింది. ఇప్పుడు దాన్ని అందరూ యూఎస్ఎఫ్‌డీ అంటారు. పట్టా మీద చిన్న ట్రాలీ, దానికి నీళ్ళ ట్యాంకు, పట్టాను రాసుకుంటూ పోయే ప్రోబులు, హ్యాండిల్ దగ్గర తెర. గాలి పొర అడ్డుపడితే శబ్దం లోపలికి పోదు కాబట్టి ప్రోబు కింద ఎప్పుడూ నీళ్ళు తడుస్తూ ఉండాలి. ఉక్కులో ఆ శబ్దం సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. పైనుంచి పాదం దాకా పోయి తిరిగి రావడానికి సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో 58 వంతులు పడుతుంది. అంతకంటే ముందే ప్రతిధ్వని వచ్చిందంటే నడుమ ఏదో ఉన్నట్టు.

అంకె ఇంత నిక్కచ్చిగా ఉన్నా దాని వెనక మనిషి ఉన్నాడు. నిటారుగా కిందికి పోయే శబ్దానికి హోవర్డ్ చూసిన పగులు కనపడదు. ఆ పగులు కూడా నిటారుగానే నిలబడి ఉంటుంది కాబట్టి శబ్దం దాని పక్క నుంచి జారిపోతుంది. అందుకే 70 డిగ్రీల వాలులో ముందుకీ వెనక్కీ శబ్దం పంపే ప్రోబులు పెట్టారు. ఆ వాలు పెట్టాలని యంత్రానికి ఎలా తెలిసింది? విరిగిన పట్టాలను చూసి పగులు ఏ వైపు తిరిగి ఉంటుందో తెలుసుకున్నవాళ్ళు చెబితే తెలిసింది. ఏ దిక్కున అడగాలో తెలియనప్పుడు పరికరం శుభ్రంగా సున్నా చూపిస్తుంది. ఆ సున్నాను క్షేమం అనుకుంటే ప్రమాదం.

ట్రాలీ వెంట నడిచే ఆపరేటర్‌కు తెర మీద ముల్లు లేచిన ప్రతిసారీ ఇలాంటి తీర్పే. అది బోల్టు రంధ్రమా, వెల్డు అంచా, పట్టా తల మీద లేచిన పొరా, నిజంగా పగులా? ఆగుతాడు, పట్టా తుడుస్తాడు, వెనక్కి జరిపి మళ్ళీ చూస్తాడు. కిందికి వంగి కంటితో చూస్తాడు. వెంటనే మార్చాల్సిన పట్టా అయితే ఎర్ర రంగుతో మూడు ఇంటూ గుర్తులు, కనిపెట్టుకుని ఉండాల్సిందైతే ఒకటి. ఆ ఒక్క గుర్తు పడ్డ చోటును కనిపెట్టుకుని ఉండేది ఎవరు? ప్రతిరోజూ తన బీటు నడిచే కీమాన్. అంటే పరికరం తనకు సగమే తెలిసినచోట మళ్ళీ మనిషి కన్నుకే అప్పగిస్తోంది.

యార్డుల్లోనూ ఇదే నడుస్తోంది. ఇరుసు పెట్టెలు కాలుతున్నాయేమో అని చేత్తో తాకి చూసే పని ఇప్పుడు దూరం నుంచి వేడిని చదివే థర్మామీటరు చేస్తుంది. ఏకంగా ఒక్కటే చక్రంగా పోసిన ఘన చక్రాలు రావడంతో సుత్తికి పని తగ్గింది. లైను పక్కన మైక్రోఫోన్లు పాతి, పోయే బండి బేరింగుల రొద విని లోపం పట్టే ఏర్పాటు కూడా భారతీయ రైల్వేలు మొదలుపెట్టాయి. ఇది నాకు నిజంగా సంతోషం. వినడం అనే పని పోలేదు, ఇంకా విస్తరించింది. అయితే ఆ మైక్రోఫోన్ పట్టిన రొదకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? అనుమానపడ్డ బేరింగును, పాడైన వ్యాగన్లను బాగుచేసే సిక్ లైనులో విప్పి, గ్రీజు తుడిచి, రోలరు మీద పెచ్చు లేచిందో లేదో ఒక మనిషి చూసి చెప్పినప్పుడే వస్తుంది.

కొలత నన్ను బాధపెట్టే చోటు వేరే ఉంది. చాలా డివిజన్లలో కీమాన్లకూ పెట్రోల్‌మన్లకూ జీపీఎస్ ట్రాకర్లు ఇచ్చారు. చలికాలం తెల్లవారుజామున, ఉక్కు ముడుచుకుని పట్టాలు ఎక్కువగా విరిగే వేళ, చీకట్లో ఒంటరిగా నడిచే మనిషికి అది రక్షణే. కష్టం వస్తే బటను నొక్కవచ్చు. కానీ అది కొలిచేది అతని నడకను. ఎన్ని కిలోమీటర్లు, ఎంత వేగం, ఎక్కడ ఎంతసేపు ఆగాడు. ఫలానా స్లీపరు కింద బురద ఊరుతోందని, ఫలానా వెల్డు మీద రైలు పోతుంటే చప్పుడు నిన్నటికంటే తేడాగా ఉందని అతనికి తోచింది ఆ మ్యాపులో లేదు. అక్కడ రెండు నిమిషాలు ఆగినట్టు చుక్క మాత్రం ఉంటుంది. నడక కొలవడం తేలిక కాబట్టి నడకే పనైపోతే, నెమ్మదిగా చూసే కీమాన్ బద్ధకస్తుడిగానూ, గబగబా పోయినవాడు మంచి ఉద్యోగిగానూ లెక్కకెక్కుతారు.

ఆ చుక్క పక్కన అతను చూసింది అతని మాటల్లో, తెలుగో హిందీయో ఛత్తీస్‌గఢీయో, ఫోనులో చెప్పి దాచే వీలుండాలి. ఏడాది పొడుగునా అలా చేరిన మాటల్ని యూఎస్ఎఫ్‌డీ రికార్డు పక్కన, విరిగిన పట్టాల ఫొటోల పక్కన పెట్టి చదివే ఒక ఇంజినీరుకు ఆ పనే డ్యూటీగా అప్పజెప్పాలి. ఏ కిలోమీటరులో ఏ ప్రోబును ఏ వాలులో పెట్టి మళ్ళీ వెతకాలో అతనికి అందులోంచే తెలుస్తుంది.